జెరూషా అల్లిన నాలుగు అక్షరాలు

ఈ కుర్చీలు బడివే, సందేహం లేదు, బడి మూసేసినప్పుడు ఎవరో పట్టుకొచ్చి చర్చి హాల్లో పడేసి ఉంటారు, వెనక కాలు ఊగే ఈ కుర్చీలోనే కూర్చుని తను ఎంతమంది చేత ఎక్కాలు అప్పజెప్పించుకుందో, వాళ్లలో సగం మంది ఇప్పుడు ఆల్బర్టాలో చమురు బావుల దగ్గరున్నారు, మిగతా సగం వీధిలో ఎదురైతే ఇప్పటికీ చేతిలో సిగరెట్టు వెనక్కి దాచేస్తారు, అలా దాచేస్తుంటే వెర్నాకి లోపలెక్కడో బాగానే ఉంటుంది, అరవై ఎనిమిదేళ్లొచ్చినా బాగానే ఉంటుంది, టీచర్ గారూ మొదలుపెడదామా అని టెస్సా అడిగింది, ఊరి మ్యూజియం పనికని సెయింట్ జాన్స్ పట్నం నుంచి వేసవికి వచ్చిన పిల్ల, పాతికేళ్లుంటాయేమో, చేతులకి తెల్ల తొడుగులు, మెడలో కెమెరా, బల్ల మీద నానమ్మ పెట్టె, లెవీ వాళ్ల అటక కురుస్తోందని సామానంతా దించితే అడుగున ఇది బయటపడిందట, నానమ్మ పోయి నలభై రెండేళ్లు, ఈ పెట్టె ఒకటుందనే తనకి తెలియదు, మీ నానమ్మ జెరూషా కీపింగ్ గారి చేతిపనులే ఈ ఏడు మా ప్రదర్శనలో ముఖ్యం, ఒక్కొక్కటీ ఏమిటో మీరు చెబితే నేను రాసుకుంటాను, మీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది అని ఫోన్లో టెస్సా అంటే వెర్నా సరేనంది, బూడిదరంగు కోటు ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చింది, ఎదురుగా ఆలివ్ వదిన, లెవీ అన్నయ్య భార్య, చేపల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు కత్తి పట్టి వంకరపోయిన వేళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, పెట్టె పట్టుకొచ్చింది ఆవిడే, ఇచ్చేసి వెళ్లిపోతుందనుకుంటే కూర్చుండిపోయింది.

మొదటి పట్టా విప్పారు, గోనె మీద, మేకు వంచి చేసిన కొక్కెంతో పాతగుడ్డల పేలికల్ని ఒక్కొక్క కన్నంలోంచీ పైకి లాగి అల్లినది, చలికాలం వస్తే ఊళ్లో ఆడవాళ్లంతా చేసే పనే, వాకిట్లో వేసి తొక్కడానికి, మరీ అరిగితే బంగాళాదుంపల మీద కప్పడానికి, ఇలాంటివాటిని గోడలకి తగిలించే రోజు వస్తుందని ఎవరనుకున్నారు, గోధుమరంగు ఓడ, తెరచాపలు పాత దుప్పటి గుడ్డ, పైన పుల్లల్లాగా ఏడుగురు మగాళ్లు, ఒక చివర తెల్ల గౌను కట్టుకుని, తన తలకంటే పెద్ద కెటిలు పట్టుకున్న చిన్న బొమ్మ, ఈ చిన్నది ఎవరండీ అంటే వెర్నా వెంటనే, వంటవాడై ఉంటాడు, ఓడల్లో ఉండేవాళ్లు అంది, బళ్లో చెప్పినట్టే తొణక్కుండా అంది, ఆలివ్ వదిన గొంతు సవరించుకుని, వాడు కాదమ్మా, అది ఆవిడే, పదమూడేళ్లకే లాబ్రడార్ తీరానికి పోయింది కదా చేపల ఓడ మీద వంటకి, ఏడుగురికి ఒక్కతే వండేది, అంది, పోయింది కదా అంటే ఎవరికి తెలుసని కదా, వెర్నాకి తెలియదు, పదమూడేళ్లంటే ఏడో క్లాసు, ఏడో క్లాసు పిల్ల వేలు తెగితే తను ఇంటికి పంపించేసేది, ఆవిడ చెయ్యి కాలింది కూడా అక్కడే, ఓడ ఒరిగి మరుగుతున్న కుండ మీదకొచ్చేసింది, వదిలేస్తే ఆపూట మగాళ్లకి తిండుండదని వదల్లేదంట, పిచ్చి మనిషి, అని వదిన నవ్వింది, వెర్నా నవ్వలేదు, ఆ చెయ్యి తనకి గుర్తుంది, కుడి మణికట్టు నుంచి మోచేతి దాకా గులాబీరంగు చర్మం, నున్నగా, ముడతలు పడి, పొయ్యి మీద రొట్టెముక్క వేయించి పైన బెల్లప్పాకం పోసి పెడుతుంటే, ఆ చేత్తో నా కంచంలో పెట్టకు, నాకు కడుపులో తిప్పుతుంది, అని తనే అంది, ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో తనకప్పుడు, నానమ్మ ఆ తర్వాత వేసవిలో కూడా పొడుగు చేతుల చొక్కానే వేసుకునేది, వడ్డించడం ఎడమ చేత్తో నేర్చుకుంది, అది తన వల్లేనని ఇంతకాలంలో ఒక్కసారైనా తట్టిందా అంటే, తట్టింది, తట్టినప్పుడల్లా ఇంకేదో పని పెట్టుకుంది.

తర్వాత పాత పేపరు పొట్లం, అందులో మూడు జతల ఉన్ని చేతితొడుగులు, ఒకదానికంటే ఒకటి చిన్నవి, ఆఖరుది బొటనవేలికి కూడా ఎక్కదు, ఎవరూ వేసుకున్నట్టు లేవు, ఇవి మీ నాన్నగారివి, మీ పెదనాన్నగారివి అయ్యుంటాయా అని టెస్సా అడిగితే, అయ్యుండాలి అని వెర్నా అనబోయి ఈసారి ఆగింది, కళ్లు వాటంతట అవే ఆలివ్ వైపు తిరిగాయి, అలా తిరిగినందుకు ముఖం వేడెక్కింది, సొంత నానమ్మ సంగతి పరాయింటి నుంచి వచ్చిన కోడల్ని అడగాల్సి రావడం, వదిన మెల్లిగా, వాళ్లకి ముందు పోయిన ముగ్గురివి, కంఠసర్పి వచ్చింది మన పాత దీవికి, తొమ్మిది రోజుల్లో ముగ్గురూ పోయారు, ఎసావు, నయోమి, చిన్నదానికి ఇంకా పేరు పెట్టలేదు, వాళ్ల తొడుగులు వాళ్లతోనే పెట్టేశారంట, మళ్లీ చలికాలం వచ్చేసరికి చేతులు ఊరుకోలేదే ఆలివ్, అల్లేశాను, అని నాతో చెప్పింది, అంది, టెస్సా కెమెరా దించేసి తొడుగుల్ని ముట్టుకోకుండా చూస్తూ నిలబడిపోయింది, వెర్నాకి మాత్రం ఒక చార్టు కనబడుతోంది, ప్రతి సెప్టెంబరులో ఏడో క్లాసు పిల్లల చేత వంశవృక్షం గీయించేది, మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగి తెలుసుకుని రండి, సోమరితనం పనికిరాదు, ఇదిగో మాదిరి, అని గోడకి తగిలించేది తన చార్టునే, ఆకుపచ్చ సిరాతో జెరూషా అని రాసి కింద ఇద్దరే ఇద్దరు కొడుకులు, ముప్పై రెండేళ్లు ఆ చార్టు అలాగే ఉంది, తను ఎవర్నీ అడగలేదు.

రెండో పట్టా మీద నీళ్లలో ఇల్లు, ఇది తనకి తెలుసు, హమ్మయ్య, ఇది తను చెప్పగలదు, ప్రభుత్వం చిన్న దీవులన్నీ ఖాళీ చేయించినప్పుడు మేం టిల్లీ దీవి నుంచి ఇక్కడికొచ్చాం, ఇంటికి చుట్టూ డ్రమ్ములు కట్టి, ఆటుపోటు చూసి, ఆరు పడవలతో లాక్కొచ్చారు, నాకు పదకొండేళ్లు అని గబగబా చెప్పింది, టెస్సా రాసుకుంది, మరి కిటికీలో ఈ ముఖం ఎవరిది, నానమ్మదే, దిగనంది, పొయ్యి వెలిగించి ఉంది, నేను వెళ్లిపోతే ఆరిపోతుంది అని లోపలే కూర్చుంది, నాలుగు గంటలు, నీళ్లు గడప దాకా వచ్చాయి, రేవు దగ్గర జనం అంతా చూస్తుండగా మా ఇల్లు తేలుకుంటూ వచ్చింది, పొగగొట్టంలోంచి పొగతో సహా, ఇంత దాకా చెప్పింది కానీ ఆ జనంలో నవ్విన ఆడపిల్లల సంగతి చెప్పలేదు, తను పడవలో అమ్మ వెనక నక్కి నక్కి కూర్చున్న సంగతి చెప్పలేదు, మర్నాడు బళ్లో చేర్చడానికి అమ్మకి ఫ్యాక్టరీ షిఫ్టు ఉంటే నానమ్మే వచ్చింది, కాగితం మీద సంతకం పెట్టమంటే కలం పిడికిలిలో పట్టుకుని ఇంటూ గుర్తు గీసింది, గీసి, మేడం గారి వైపు చూసి బాగుందా అన్నట్టు నవ్వింది, ముందు బెంచీలో ఆడపిల్లలు ఒకరినొకరు పొడుచుకున్నారు, నానమ్మ గడ్డం కింద నాలుగు తెల్ల వెంట్రుకలుండేవి, ఆవేళ సాయంత్రానికి బళ్లో అందరికీ నానమ్మ పేరు మేక, వెర్నా వాళ్ల మేక వచ్చిందా, మేక సంతకం పెట్టిందా, అని, వెర్నా మూడు రోజులు ఏడ్చింది, నాలుగో రోజు వాళ్లతోపాటు తనూ మే మే అని అరిచింది, అరిస్తే చేర్చుకున్నారు, అంత తేలిక.

ఆఖరుది అడుగున ఉంది, గోధుమపిండి సంచిలో చుట్టి, దారంతో కుట్టేసి, టెస్సా చిన్న కత్తెరతో ఒక్కొక్క కుట్టూ తెంపుతుంటే వెర్నా కిటికీలోంచి రేవు వైపు చూస్తోంది, పొగమంచు ఇంకా విడలేదు, మధ్యాహ్నం వానొచ్చినా రావచ్చు, అని అనుకుంటుండగా టెస్సా నవ్వింది, సంతోషంగా, చిన్నపిల్లలాగా, అబ్బ ఇది చూడండి అంది, వెర్నా చూసింది, బూడిదరంగు నేల, చుట్టూ ఎర్ర అంచు, మధ్యలో నీలంరంగు గుడ్డతో నాలుగు పెద్ద అక్షరాలు, జీ, ఓ, ఏ, టీ, మేక, ఆ నీలం తాతయ్య కోటుది, సముద్రంలో పోయిన తాతయ్యది, ఆ కోటుని నానమ్మ ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు, దానికే కత్తెర పెట్టింది, ఎందుకంటే తన పేరు కోసం, ఈ ఊళ్లో ఆడవాళ్లంతా గడప దగ్గర పట్టా మీద వాళ్ల పేరేసుకుంటారంట వెర్నా, నాకు నా పేరు రాసివ్వవే, పెద్ద అక్షరాలు, చూసి అల్లుకుంటాను, అని వంటింటి బల్ల దగ్గర అడిగింది, వెర్నా పెన్సిలు తీసుకుంది, చేయి ఆగలేదు, అది నిజం, అరక్షణం కూడా ఆగలేదు, నాలుగు అక్షరాలు రాసిచ్చింది, జీకి కింద కొక్కెంలా ఒక వంకర పెట్టడం అప్పట్లో తన స్టైలు, ఆ వంకర కూడా నానమ్మ అలాగే అల్లింది, ఫిబ్రవరి అంతా అల్లింది, అల్లుతూ అల్లుతూ మొదటి అక్షరం ఏమంటారే, జె అంటారు నానమ్మా, రెండోది, ఈ, అని అబద్ధాలు చెప్పించుకుంటూ అల్లింది, గడప దగ్గర వేసి రెండడుగులు వెనక్కి వెళ్లి చూసుకుంది, బడి ఆడపిల్లలు రోడ్డు మీద నిలబడి కడుపులు పట్టుకుని నవ్వారు, కొన్నాళ్లకి ఆ పట్టా కనబడలేదు, అరిగిపోయి పారేసి ఉంటారనుకుంది, అనుకుని, పీడా పోయిందనుకుంది, నానమ్మ అమాయకురాలు కాబట్టి ఆ మాటేమిటో తెలుసుకోకుండానే కన్నుమూసిందనుకుంది, ఇన్నేళ్లూ అదొక్కటే తనకి కాస్త ఊరట.

మీ నానమ్మగారికి మేకలుండేవా అని టెస్సా అడుగుతోంది, భలే సరదా మనిషి అనుకుంటాను, అందరూ పేర్లు, స్వాగతం అవీ వేసుకుంటే ఈవిడ మేక అని వేసుకుంది, దీన్నే పోస్టరు మీద వేద్దామండీ అంటోంది, ఒకటి ఉండేది అని వెర్నా నోట్లోంచి వచ్చింది, తెల్లది, దీవి నుంచి తెచ్చుకున్నాం, దానికి డైసీ అని పేరు, నానమ్మకి అదంటే ప్రాణం, ఆగకుండా వస్తోంది, పాలిచ్చేదా అంటే ఇచ్చేది అంది, పాఠం చెప్పే గొంతుతోనే, ఆ గొంతుకి ఈ ఊళ్లో ఎవరూ ఎదురు చెప్పరు, టెస్సా రాసుకుంటోంది, డైసీ అక్షరాలు మీరే ఒకసారి చూడండి అంటోంది, వెర్నా తలెత్తి చూసేసరికి ఆలివ్ వదిన తననే చూస్తోంది, కోపంగా కాదు, తిన్నగా చూస్తోంది, అమ్మాయ్ నా మోకాళ్లు పట్టేశాయి, టీ పెట్టుకుందాం రా అని లేచింది.

హాలు వెనక వంటగదిలో కెటిలు కాగేలోపు వదిన కప్పులు కడిగింది, తుడిచింది, డబ్బా పాలు పోసింది, తను ఏమైనా అనాలి, డైసీ సంగతి సర్దాలి, ఇంకో మాట కలపాలి అని వెర్నా వెతుక్కుంటుండగా, పాస్టరు గారు కూడా మేక సంగతే అడిగాడు, అని వదిన కప్పు చేతికిచ్చింది, ఏ పాస్టరు గారు, అప్పటాయనే, ఎర్ర జుట్టాయన, టీకి వచ్చి గడపలో నిలబడి కిందకి చూసి, ఏం జెరూషమ్మా మేకని కొన్నావా అని నవ్వాడు, నేను లోపల పిండి పిసుకుతున్నాను, అప్పటికి పెళ్లయి రెండేళ్లు నాకు, నాకు చదువొచ్చు కాబట్టి మొదటిరోజే చూశాను, ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను, ఆవిడ ఆయన ముఖం చూసింది, పట్టా చూసింది, నా ముఖం చూసింది, అర్థమైపోయింది, ఏమందో తెలుసా, ఇంకా కొనలేదండీ, వచ్చే వసంతంలో కొందామని, ముందు పట్టా అల్లేసుకున్నాను అంది, ఆయన టీ తాగి వెళ్లిపోయాడు.

వెర్నా కప్పు పట్టుకునే ఉంది, వేళ్లు కాలుతున్నాయి, కింద పెట్టాలని తోచలేదు, ఆ తర్వాత, అని అడిగింది, ఆ తర్వాత ఏముంది, పట్టా చుట్టేసింది, నేను పొయ్యిలో పడెయ్ నానమ్మా, ఆ పిల్లకి నాలుగు తగిలించు అన్నాను, నాకు నీమీద ఒళ్లు మండిపోయింది, నిజం చెబుతున్నాను, ఆయన కోటు కదే, ఎలా కాలుస్తాను అంది, పోనీ అక్షరాలు పీకెయ్ అన్నాను, వినలేదు, మరి గడపలోనే ఉంచు, ఊరంతా చూడనీ, ఆ పిల్లకే సిగ్గొస్తుంది అంటే, ఉంచితే ఎవరు రాసిచ్చారు అని ఏదో ఒకరోజు ఎవరో అడుగుతారు, పిల్ల కొత్త ఊళ్లో ఇప్పుడిప్పుడే నలుగురిలో కలుస్తోంది, బళ్లో తలెత్తుకోలేదు, నువ్వు కూడా నోరెత్తకు అంది, నేను ఎత్తలేదు, ఆవిడ పోయాక కూడా ఎత్తలేదు, ఇవాళ పెట్టె తెచ్చింది నువ్వే చెబుతావేమో చూద్దామని, అంది వదిన, చెప్పాల్సింది అయిపోయినట్టు టీ ఊదుకుంది, ఒక గుక్క తాగి, ఆ చలికాలమే నా దగ్గర అక్షరాలు నేర్చుకుంది, అరవై ఏడేళ్ల మనిషి, సబ్బు పెట్టెల మీదవీ పిండి సంచుల మీదవీ చూసి, ఒక్కో అక్షరం పొయ్యి బూడిదలో దిద్దేది, నువ్వు బడి నుంచి వచ్చే వేళకి చెరిపేసేది, నువ్వు టీచరు ట్రైనింగుకి వెళ్లినప్పుడు ఇచ్చిన పట్టా మీద అక్షరాలన్నీ తనవే, నేను చెయ్యి వెయ్యలేదు, అదింకా ఉందా నీ దగ్గర.

బస్సు దగ్గర, అవును, పదిహేడేళ్లు తనకి, కొత్త సూటుకేసు, పురికొసతో కట్టిన చుట్ట ఒకటి చంకలోకి తోసింది నానమ్మ, పట్నంలో నేల చల్లగా ఉంటుంది, మంచం దిగేచోట వేసుకో, అక్కడికెళ్లాక విప్పు అంది, విప్పలేదు, బస్సులో పై అరలో కోట్ల వెనక్కి నెట్టేసింది, గోనె వాసన, చేపల వాసన, పక్క సీటు అమ్మాయి సెయింట్ జాన్స్ డాక్టరు గారి కూతురు, బస చేసిన ఇంటావిడకి మొదటిరోజే ఇచ్చేసింది, పాతదండీ, వెనక గుమ్మం దగ్గర బూట్లు తుడుచుకోవడానికి పనికొస్తుంది అని, ఆవిడ వేసుకుంది, రెండేళ్లు మంచూ బురదా బూట్లతో దాని మీద అందరూ నడిచారు, తనూ నడిచింది, బురద కింద ఏముందో ఎప్పుడూ వంగి చూడలేదు, మేక అని రాసిచ్చిన పిల్లకి, ఆ సంగతి తెలిసి, ఆరేళ్లు మనసులో పెట్టుకుని, నేర్చుకున్న అక్షరాలతో ఏం రాసి ఉంటుంది, తిట్టి ఉండదు, తిట్టి ఉంటే బాగుండును, లేదు వదినా, విప్పకుండానే ఎవరికో ఇచ్చేశాను అంది వెర్నా, ఇవాళ పొద్దుటి నుంచి తను ఆడిన మాటల్లో నిజమైనది ఇదొక్కటే అనిపించింది, వదిన కప్పు కింద పెట్టి, నీ పేరే రాసింది, వెర్నా అని, ఐదక్షరాలు, మూడుసార్లు విప్పి అల్లింది ఆర్ అక్షరం వెనక్కి తిరిగిపోతుంటే, అంతకంటే ఏం రాయలేదు, అంది, ఓదార్చడానికేమీ అన్నట్టు లేదు, ఉన్నది చెప్పింది అంతే, ఓదార్చి ఉంటే తట్టుకోలేకపోయేది.

హాల్లోకి వచ్చేసరికి టెస్సా ఆఖరు పట్టాకి ఫోటోలు తీసేసి అట్టముక్క మీద రాసేసింది కూడా, జెరూషా కీపింగ్, తన ముద్దుల మేక డైసీ జ్ఞాపకంగా, గుండ్రటి చక్కటి అక్షరాలు, తన దగ్గర చదివి ఉంటే పదికి పది వేసేది, వెర్నా ఆ అట్ట తీసుకుని రెండుగా మడిచింది, ఇంకొకటి ఉందా అని అడిగింది, టెస్సా కంగారుగా, తప్పు రాశానా టీచర్ గారూ అంది, తప్పు నీది కాదమ్మా, మేక లేదు, మా ఇంట్లో మేక ఎప్పుడూ లేదు, నేను అబద్ధం చెప్పాను, అంటూ కుంటికుర్చీని బల్ల దగ్గరకి లాక్కుని కూర్చుంది, కలం తీసుకుని రాసింది, నానమ్మకి చదువు రాదు, తన పేరు రాసిమ్మని అడిగితే మనవరాలు వెర్నా కీపింగ్, పదకొండేళ్లది, కావాలనే ఈ మాట రాసిచ్చింది, నానమ్మ తన భర్త కోటు కత్తిరించి దీన్ని అల్లింది, చదివి టెస్సా ముఖం పాలిపోయింది, ఇలాగే పెట్టమంటారా, ఆదివారం ఊరంతా వస్తారు, మీ దగ్గర చదివినవాళ్లే అందరూ, పిల్లల్ని తీసుకుని వస్తారు, ఇంకోలా రాసుకోవచ్చు కదండీ, లేకపోతే దీన్ని లోపల పెట్టేద్దాం, పెట్టెలోనే ఉంచేద్దాం, అంది, మంచి పిల్ల, నిజంగానే తనకోసం అంటోంది, ఎవరూ చూడకుండా చుట్టేసి కుట్టేద్దాం అంటోంది, వద్దమ్మా అంది వెర్నా, గుమ్మం దగ్గర పెట్టు, లోపలికి వచ్చేవాళ్లు ముందు దాన్ని చూడాలి, అని చెబుతూ బల్ల మీదకి వంగి తొడుగులు లేని చేత్తో మొదటి అక్షరం తడిమింది, నీలం ఉన్నిని అక్కడక్కడా చిమ్మటలు కొట్టేశాయి, వంకర మాత్రం చెక్కుచెదరలేదు, అరిగిన చోటు ఒక్కటీ లేదు, ఎంతమంది తొక్కి ఉంటారు, వారమో పది రోజులో, తర్వాత ఒక్క అడుగూ పడనివ్వలేదు నానమ్మ, దీన్ని ఎవరూ చూడకుండా పిండి సంచిలో చుట్టి, చుట్టూ కుట్లు వేసి, చచ్చిపోయేదాకా ఒక్కమాట బయటకి పొక్కనివ్వలేదు, తన పరువు పోయిందని దాచుకుందని ఎవరైనా అనుకుంటారు, తనూ ఒక నిమిషం అలాగే అనుకోబోయింది, కానీ నవ్విన ఊరి ముందు, నవ్విన పాస్టరు ముందు ఆవిడ దేనికీ సిగ్గుపడలేదు, కొనని మేకని కూడా కొంటానని తొణక్కుండా చెప్పగలిగింది, ఆ పెట్టె అడుగున ఇన్నేళ్లూ నానమ్మ దాచిపెట్టింది తనని, ఈ మనవరాలినే, అని వెర్నాకి అర్థమైంది.